స్విచ్ అడగడం మరచిన ప్రశ్న

పిల్లలూ, మీలో చాలామందికి క్వార్టర్స్ జీవితం బాగా తెలుసు. నాన్నగారికో అమ్మగారికో బదిలీ ఉత్తర్వు వస్తుంది. సామాను పెట్టెల్లోకి ఎక్కుతుంది, పాఠశాలలో టీసీ తీసుకుంటారు, గ్యాస్ కనెక్షన్ మార్పించుకుంటారు. ఆ హడావుడిలో పేపరు వేసే అబ్బాయికి చెప్పడం మరచిపోతారు. మీరు వెళ్లిపోయిన తరువాత కూడా తాళం వేసిన తలుపు ముందు రోజూ ఒక పేపరు పడుతూనే ఉంటుంది. పది రోజుల తరువాత ఎవరో చూసి, "ఆ ఇంట్లో ఎవరూ లేరయ్యా" అంటే అప్పుడు ఆగుతుంది.

కంప్యూటర్ల నెట్‌వర్క్‌లోనూ ఇదే చిక్కు ఉంది. దాన్ని నేను పుస్తకంలో చదివాను, పిల్లలకు పాఠంగా చెప్పాను. అయినా నాకు నిజంగా అర్థమైంది మాత్రం ఒక వార్షికోత్సవం రోజున, పద్దెనిమిది గదుల్లో బొమ్మ ఆగిపోయిన తరువాతే.

ఇంతకు ముందు నేను పనిచేసిన పాఠశాలలో సభామందిరం చిన్నది. అందరూ అందులో పట్టరు. కాబట్టి తల్లిదండ్రులు, అతిథులు మందిరంలో కూర్చోవాలనీ, పిల్లలు తమ తరగతి గదుల్లోనే ప్రొజెక్టర్ మీద కార్యక్రమం చూడాలనీ నిర్ణయించారు. మందిరంలో కెమెరా ఉన్న ఒక కంప్యూటర్, 18 గదుల్లో 18 కంప్యూటర్లు. అన్నింటి తీగలూ వచ్చి ఒకే 48 పోర్టుల స్విచ్‌లో చేరతాయి. నెట్‌వర్క్ బాధ్యత కంప్యూటర్ సైన్స్ ఉపాధ్యాయుడినైన నాది.

మొదట తేలిక దారి పట్టాను. ప్రతి గది కంప్యూటరూ కెమెరా కంప్యూటర్ నుంచి వీడియోను విడివిడిగా అడిగి తీసుకుంటుంది. దీన్ని యూనికాస్ట్ అంటారు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క ఉత్తరం రాసినట్లన్నమాట. మా వీడియోకు సెకనుకు 6 మెగాబిట్లు కావాలి. 18 గదులకు 108. కెమెరా కంప్యూటర్ పాతది, దాని నెట్‌వర్క్ కార్డు సెకనుకు 100 మెగాబిట్లకు మించి పంపలేదు. లెక్క ముందే వేసుకోవలసింది, వేయలేదు. పద్నాలుగో పదిహేనో గది చేరేసరికి అందరి బొమ్మలూ ముక్కలు ముక్కలయ్యాయి.

ఇలాంటి పనికే మల్టీకాస్ట్ ఉంది. ఊరంతటికీ దండోరా వేస్తే అది బ్రాడ్‌కాస్ట్. కావాలన్నా వద్దన్నా అందరి చెవినా పడుతుంది. ఒకరికి ఉత్తరం రాస్తే యూనికాస్ట్. మల్టీకాస్ట్ ఈ రెండింటికీ మధ్యది, పేపరు చందా లాంటిది. పంపేవాడు ఒక్క ప్రతి పంపుతాడు. దారి చీలే చోట మాత్రమే దానికి నకళ్లు తయారవుతాయి. అవి చందా కట్టిన ఇళ్లకే వెళతాయి.

ఇంటర్నెట్ చిరునామాలతో ఇలా చేయవచ్చని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో స్టీవ్ డీరింగ్ అనే పరిశోధకుడు చూపించాడు. 1989 ఆగస్టులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1112 అనే పత్రం అతను రాసినదే. దీనికోసం 224.0.0.0 నుంచి 239.255.255.255 వరకు ఉన్న చిరునామాలను విడిగా కేటాయించారు. ఇవి ఏ కంప్యూటర్ చిరునామాలూ కావు, గుంపుల పేర్లు. ఒక సంస్థ తన నాలుగు గోడల మధ్య వాడుకోవడానికి 239తో మొదలయ్యేవి ఉన్నాయి. నేను 239.10.10.10 ఎంచుకున్నాను. కెమెరా కంప్యూటర్ ఆ పేరుకు సెకనుకు 6 మెగాబిట్లు పంపుతుంది. అది గుంపులో సభ్యురాలు కానవసరం కూడా లేదు. గది కంప్యూటర్లు ఆ గుంపులో చేరతాయి. పద్దెనిమిది గదులైనా, పద్దెనిమిది వందలైనా కెమెరా కంప్యూటర్ పని అంతే, ఆరు మెగాబిట్లు.

రెండో అభ్యాసం రోజున అన్ని గదుల్లోనూ బొమ్మ చక్కగా వచ్చింది. నేను సంతోషంగా మెట్లు దిగి వస్తుంటే కార్యాలయం నుంచి కబురు. ఫీజు రసీదుల కంప్యూటర్ కదలడం లేదట. గ్రంథాలయంలోనూ అంతే. ఈ రెండు చోట్లా ఉన్నవి వైఫై మీద నడిచే కంప్యూటర్లు. వీటికీ మా వీడియోకీ సంబంధమే లేదు. అవి ఏ గుంపులోనూ చేరలేదు. మరి ఎందుకు ఆగాయి?

ఇక్కడ స్విచ్ ఎలా నేర్చుకుంటుందో తెలియాలి. స్విచ్‌కు ఎవరూ చిరునామాల పట్టిక రాసి ఇవ్వరు. ఒక పోర్టు నుంచి ఏదైనా సందేశం వస్తే, పంపినవారి మ్యాక్ చిరునామా చూసి, "ఓహో, వీరు ఈ తలుపు వెనక ఉన్నారు" అని రాసుకుంటుంది. మీరు ల్యాప్‌టాప్‌ను ఒక గది నుంచి ఇంకో గదికి మార్చి ఒక్క మాట పంపితే చాలు, స్విచ్ మీ కొత్త చిరునామా దిద్దుకుంటుంది. చాలా స్విచ్‌లలో 300 సెకన్లపాటు మాట్లాడనివారి పేరు కొట్టేస్తారు. మన బదిలీలకంటే ఎంత సులువో చూడండి, ఏ దరఖాస్తూ అక్కరలేదు!

అయితే ఈ పద్ధతిలో ఒక చీకటి కోణం ఉంది. స్విచ్ నేర్చుకునేది పంపినవారి చిరునామా నుంచి మాత్రమే. గుంపు చిరునామా ఎప్పుడూ పంపినవారి గడిలో ఉండదు, అందుకునేవారి గడిలోనే ఉంటుంది. కాబట్టి గుంపు ఏ తలుపు వెనక ఉందో స్విచ్‌కు ఎన్నటికీ తెలియదు. తెలియని చిరునామాకు వచ్చిన సందేశాన్ని స్విచ్ ఏం చేస్తుంది? వచ్చిన తలుపు తప్ప మిగతా తలుపులన్నింటిలోంచీ పంపేస్తుంది. చందా పద్ధతి మళ్లీ దండోరా అయిపోయిందన్నమాట.

తీగ మీద ఉన్న కంప్యూటర్‌కు ఈ అదనపు 6 మెగాబిట్లు పెద్ద బరువు కాదు. దాని నెట్‌వర్క్ కార్డే "ఇది నాది కాదు" అని పక్కన పడేస్తుంది. వైఫై సంగతి వేరు. గుంపు సందేశాలను వైఫై పెట్టె మామూలుగా అతి నెమ్మదైన వేగంతో పంపుతుంది, దూరాన మూల కూర్చున్న పరికరానికి కూడా వినబడాలి కదా. ఆ వేగం పాత పద్ధతిలో సెకనుకు 1 మెగాబిట్ కూడా కావచ్చు. ఒక మెగాబిట్ పట్టే గొట్టంలోకి ఆరు పోస్తే ఏమవుతుంది? గాలిలో ఉన్న సమయమంతా మా నాట్యం అభ్యాసమే తినేసింది. రసీదుకు చోటు మిగలలేదు.

దీనికి మందు ఐజీఎంపీ స్నూపింగ్. పేరు బెదిరిస్తుంది, విషయం చిన్నదే. ఒక కంప్యూటర్ గుంపులో చేరాలనుకున్నప్పుడు "నాకు 239.10.10.10 కావాలి" అని ఒక చిన్న సందేశం పంపుతుంది. ఆ సందేశాల భాషే ఐజీఎంపీ. అసలు అది రాయబడేది రూటర్‌కు. స్విచ్ పోస్ట్‌మ్యాన్ మాత్రమే, కవరు మీది చిరునామా చూసి అందించడం వరకే దాని పని. స్నూపింగ్ అంటే ఆ పోస్ట్‌మ్యాన్ పోస్టుకార్డు మీద రాసింది కూడా ఓరకంట చదవడం. "మూడో పోర్టులో ఉన్నవారికి 239.10.10.10 కావాలట" అని స్విచ్ తనలో తాను రాసుకుంటుంది. ఇక ఆ వీడియో ఆ తలుపుకే వెళుతుంది. మనుషుల ఉత్తరాలు చదవడం తప్పు కానీ, ఈ చదువు వల్ల మా కార్యాలయం బతికింది.

వార్షికోత్సవం ముందు సాయంత్రం స్విచ్ అమరికల్లోకి వెళ్లి స్నూపింగ్ ఆన్ చేశాను. ఎవరూ అడగని గుంపు సందేశాలను పారవేయమని ఇంకో గడిలో టిక్ పెట్టాను. గదులన్నీ తిరిగి చూశాను. బొమ్మ వచ్చింది, వైఫై పనిచేసింది, రసీదు ముద్రితమైంది. ఒక్కో గదిలో రెండు మూడు నిమిషాలు చూసి, ఆపి, తాళాలు వేసి ఇంటికి వెళ్లాను. ఆ రెండు మూడు నిమిషాలే నన్ను మోసం చేశాయి.

మర్నాడు దీపం వెలిగించారు, స్వాగతగీతం అయింది. రెండో తరగతి పిల్లల నాట్యం మొదలైంది. అందులో ఒక పాప వాళ్ల నాన్నగారికి బదిలీ అయింది. ఆదివారం రైలుకు కుటుంబమంతా వెళ్లిపోతున్నారు. ఆ పాపకు అదే మొదటిసారి వేదిక ఎక్కడం, ఆ పాఠశాలలో అదే చివరిసారి కూడా. ఎనిమిదో తరగతి చదివే వాళ్ల అన్న పై అంతస్తు గదిలో తెర ముందు కూర్చున్నాడు. నేను మందిరంలో కెమెరా పక్కన నిలబడి ఉన్నాను. నా కంప్యూటర్‌లో అంతా సవ్యంగానే ఉంది. అంతలో ఆ అబ్బాయి మెట్లు దిగి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"సర్, మా చెల్లి ఆగిపోయింది!"

పైకి వెళ్లి చూస్తే నిజమే. ఒక చేయి పైకెత్తి, ఒక కాలు గాలిలో ఉంచి పాప తెర మీద శిలలా నిలిచిపోయింది. వీడియో ప్లేయర్‌ను మూసి మళ్లీ తెరిచాను. బొమ్మ వచ్చింది. అప్పటికి పాట అయిపోయి పిల్లలు నమస్కారం పెడుతున్నారు. ఇంతలో పక్క గదిలో ఆగింది. తరువాత ఆ పక్క గదిలో. అన్నీ ఒకేసారి ఆగలేదు, ఒకదాని తరువాత ఒకటి ఆగాయి. ముందు ఏ గదిలో మొదలుపెట్టారో ముందు ఆ గదిలోనే ఆగింది. మళ్లీ తెరిచిన గదిలో నాలుగు నిమిషాలు దాటగానే మళ్లీ ఆగింది. ఆ పూటంతా గదుల్లోని ఉపాధ్యాయులు నాలుగు నిమిషాలకొకసారి ప్లేయర్ మూస్తూ తెరుస్తూ గడిపారు. వారి ముఖం చూడటానికి నాకు సిగ్గేసింది.

సాయంత్రం ఒక గది కంప్యూటర్‌లో వైర్‌షార్క్ తెరిచాను. నెట్‌వర్క్ తీగ మీద వచ్చే పోయే సందేశాలను చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. ఐజీఎంపీ సందేశాలు మాత్రమే చూపమన్నాను. ప్లేయర్ తెరవగానే "నాకు 239.10.10.10 కావాలి" అన్న సందేశం వెళ్లింది. ఆ తరువాత ఏమీ లేదు. నిశ్శబ్దం. గడియారం చూస్తూ కూర్చున్నాను. నాలుగు నిమిషాల ఇరవై సెకన్లకు బొమ్మ ఆగింది.

అప్పుడు అర్థమైంది, ఈ ఆటలో ఒక పాత్ర లేనే లేదని.

మొదట చెప్పిన పేపరు అబ్బాయి దగ్గరకు మళ్లీ వెళదాం. ఇంట్లోవాళ్లు చెప్పకుండా వెళ్లిపోతే అతనికి ఎలా తెలుస్తుంది? ఐజీఎంపీ మొదటి రూపంలో వెళ్లేటప్పుడు చెప్పే పద్ధతే లేదు. 1997లో వచ్చిన రెండో రూపంలో "నేను వెళుతున్నాను" అనే సందేశం చేర్చారు. కానీ కరెంటు పోయిన కంప్యూటర్, తీగ ఊడిన కంప్యూటర్ ఆ మాట చెప్పలేవు కదా. అందుకే అసలు భరోసా వెళ్లేవారి మాట మీద పెట్టలేదు, అడిగేవారి ప్రశ్న మీద పెట్టారు. నెట్‌వర్క్‌లో ఒకరు 125 సెకన్లకొకసారి అందరినీ అడుగుతారు: "ఎవరెవరికి ఏ గుంపు కావాలి?" ఇలా అడిగేవారిని క్వెరియర్ అంటారు. ఇంకా కావలసినవారు "నాకు కావాలి" అని మళ్లీ చెబుతారు. జవాబుకు 10 సెకన్ల గడువు. ఒక ప్రశ్నో జవాబో దారిలో పోయినా ఫరవాలేదని రెండు విడతలు ఓపిక పడతారు. 125 రెండుసార్లు 250, గడువు 10, మొత్తం 260 సెకన్లు. అప్పటికీ జవాబు లేకపోతే ఆ ఇంట్లో ఎవరూ లేరని లెక్క, పేరు కొట్టివేత. 260 సెకన్లంటే నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు.

మామూలుగా ఈ ప్రశ్న అడిగేది మల్టీకాస్ట్ తెలిసిన రూటర్. మా పాఠశాలకు ఇంటర్నెట్ తెచ్చే చిన్న రూటర్‌కు ఆ పనే రాదు. స్విచ్‌ను నేను వినమన్నాను, విన్నది. కానీ ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి గది కంప్యూటర్లు మళ్లీ చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి స్విచ్ ఒక్కొక్క గది పేరు కొట్టేసింది, వారు చేరిన వరుసలోనే. ఎవరి తప్పూ లేదు, నాది తప్ప.

ఈ ప్రశ్న-జవాబులో ఇంకో సొగసైన విషయం ఉంది. హాజరు పిలవకుండా "ఎవరెవరు వచ్చారు?" అని ఉపాధ్యాయుడు అడిగితే నలభైమంది ఒకేసారి అరుస్తారు. అందుకే ప్రతి కంప్యూటరూ ఆ 10 సెకన్లలో తనకు తోచిన ఒక క్షణం ఎంచుకుని ఆగుతుంది. ఈలోగా పక్కవారు అదే గుంపు పేరు చెప్పడం వినబడితే, "సరే, వారు చెప్పేశారుగా" అని ఊరుకుంటుంది. రూటర్‌కు కావలసింది ఆ వైపు ఒక్కరైనా ఉన్నారా లేదా అన్నదే కాబట్టి అది సరిపోయేది. స్విచ్‌కు అది సరిపోదు. ఏ తలుపు వెనక ఎవరున్నారో తనకు ఒక్కొక్కటిగా తెలియాలి. మరి ఒకరు చెప్పి మిగతా పదిహేడుమంది మౌనంగా ఉంటే? అందుకని స్నూపింగ్ చేసే స్విచ్ ఒకరి జవాబు ఇంకొకరికి వినబడనివ్వదు, ప్రశ్న అడిగినవారి వైపు మాత్రమే పంపుతుంది. ప్రతివారూ తామొక్కరమే ఉన్నామనుకుని జవాబిస్తారు. 2002లో వచ్చిన మూడో రూపంలో అసలు ఈ ఊరుకోవడమే తీసేశారు, ఎవరి జవాబు వారే చెప్పాలి.

నేను చేయవలసింది ఒక్కటే, స్విచ్‌నే అడగమనడం. మా స్విచ్‌లో ఆ సదుపాయం ఉంది, దానికి ఒక ఐపీ చిరునామా ఇచ్చి క్వెరియర్ గడిలో టిక్ పెట్టాలి. పెట్టాను. వైర్‌షార్క్ తెర మీద ఒక ప్రశ్న కనబడింది. ఆరు సెకన్లకు మా గది జవాబు వెళ్లింది. నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు దాటింది. పది నిమిషాలు. అరగంట. ఖాళీ వేదిక బొమ్మ కదలకుండానే ఉంది కానీ మూలనున్న గోడగడియారం ముల్లు తిరుగుతూనే ఉంది. ఆ ముల్లును అంత ఇష్టంగా ఎప్పుడూ చూడలేదు.

రెండు మూడు స్విచ్‌లున్న చోట అన్నింటిలోనూ క్వెరియర్ పెట్టినా గొడవ రాదు. ఒకరి ప్రశ్న ఒకరికి వినబడగానే, తక్కువ ఐపీ చిరునామా ఉన్నవారు అడుగుతారు, మిగతావారు ఆగుతారు. అడిగేవారు మూగబోతే ఇంకొకరు అందుకుంటారు. పైగా ప్రశ్న ఏ తలుపు నుంచి వచ్చిందో చూసే, జవాబులు ఎటు పంపాలో పక్క స్విచ్ తెలుసుకుంటుంది. ప్రశ్న లేకపోతే దానికి దారి కూడా తెలియదు.

గుంపు చిరునామా ఎంచుకోవడంలోనూ ఒక చిన్న జాగ్రత్త ఉంది. గుంపు పేరును మ్యాక్ చిరునామాగా మార్చేటప్పుడు 01-00-5ఈ అనే మొదలు పెట్టి, పేరులోని చివరి 23 బిట్లు మాత్రమే తీసుకుంటారు. పేరులో మార్పు ఉండేవి 28 బిట్లు. అయిదు బిట్లు పోయాయి కాబట్టి 32 గుంపులకు ఒకే మ్యాక్ చిరునామా వస్తుంది. మా 239.10.10.10కూ 239.138.10.10కూ తేడా తెలియదు. డీరింగ్‌కు పదహారు చిరునామా వరుసలు కావలసి వచ్చాయనీ, ఒక్కొక్కటి వెయ్యి డాలర్లనీ, జాన్ పోస్టెల్ ఒక్కటి కొని అందులోనూ సగమే ఇచ్చాడనీ నెట్‌వర్క్ పనివాళ్లు చెప్పుకుంటారు. 224.0.0తో మొదలయ్యేవి మాత్రం ముట్టుకోకండి. అవి నెట్‌వర్క్ సొంత పనులకు. ప్రింటర్ ఎక్కడుందో వెతికే 224.0.0.251 అలాంటిదే. వాటిని స్విచ్ ఎవరినీ అడగకుండా అన్ని తలుపులకూ పంపుతుంది. 239.0.0.1 వంటి పేరు పెట్టుకున్నా, పైన చెప్పిన 23 బిట్ల లెక్క వల్ల దానికి 224.0.0.1 మ్యాక్ చిరునామాయే వస్తుంది. మ్యాక్ మాత్రమే చూసే స్విచ్ దాన్నీ అన్ని తలుపులకూ పంచేస్తుంది.

వార్షికోత్సవం రికార్డు కెమెరా కంప్యూటర్‌లో పూర్తిగా ఉంది, అక్కడ ఏ లోపమూ రాలేదు కదా. శనివారం సెలవైనా ఆ అబ్బాయినీ వాళ్ల చెల్లినీ రమ్మన్నాను. ముగ్గురం ల్యాబ్‌లో కూర్చుని నాట్యం మొత్తం చూశాం. చేయి పైకెత్తిన ఆ చోటికి రాగానే అబ్బాయి నా వైపు చూశాడు. పాప చేయి దించి, గిర్రున తిరిగి, తరువాతి అడుగు వేసింది. ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను, రైల్లో చూసుకుంటామన్నారు.

ఏడాదిన్నరకు నాకూ ఉత్తర్వు వచ్చింది. బాధ్యతలు అప్పగించే రోజున స్విచ్ పెట్టె తలుపు లోపలివైపు ఒక చీటీ అంటించాను. "స్నూపింగ్ ఆన్‌లో ఉంది. క్వెరియర్ కూడా ఆన్‌లో ఉండాలి. మార్పు చేస్తే కనీసం ఆరు నిమిషాలు చూసి గాని తాళం వేయవద్దు" అని హిందీలోనూ ఇంగ్లీషులోనూ రాశాను. నా తరువాత వచ్చిన ఆవిడ పోయిన నెల ఫోన్ చేసి, "సర్, ఆరు నిమిషాలే ఎందుకు?" అని అడిగారు. ఆమెకు చెప్పినదే ఇక్కడ మీకూ రాశాను.